పెట్టె అడుగున కాగితాలు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



కార్యదర్శిగారు మమ్ము ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం మీ ఇష్టమే అన్నారు. తీరా మేము విషయం చెప్పిన తరువాత, "పండుగపూట ఆ యూదుల సంగతి ఎందుకండీ" అని ఒక మాట అనకపోలేదు. మేము రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తాలము. మెట్రిక్కుతో చదువు చాలించినవారము. చరిత్ర చెప్పే అర్హత మాకు ఉన్నదని అనుకొనము. కాని కాగితాల మాట వస్తే, పొద్దున లేచింది మొదలు మా చేతుల్లో నలిగేవి అవే. ఏ కాగితం లేకపోతే ఏ మూట ఎక్కడ ఆగిపోతుందో మాకు బాగా తెలుసు. మూట ఆగిపోతే దండుగ కట్టి విడిపించుకోవచ్చు. మనిషి ఆగిపోతే ఏమవుతుందో చెప్పే కాగితాలు కొన్ని చూచాము. వాటిని గూర్చే ఈ నాలుగు మాటలు.

యూదులు మన పేటకు కొత్తవారేమీ కారు. మన జార్జిటౌనులో పవళక్కార వీధి ఉన్నది గదా. రోజూ ఆ వీధిని పడి నడిచేవారు ఇక్కడ పదిమందైనా ఉంటారు. పవళమంటే పగడం. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారి కాలాన మధ్యధరా సముద్రపు పగడాలు దిగుమతి చేసుకొని, మన కృష్ణాతీరపు గనుల వజ్రాలు ఎగుమతి చేసిన వర్తకులు కొందరు యూదులు. ఇటలీ నుంచీ, పోర్చుగీసు మూలాలు గల కుటుంబాల నుంచీ, లండను నుంచీ వచ్చినవారు. 1688లో చెన్నపట్నం కార్పొరేషను ఏర్పడినప్పుడు ఆల్డర్మన్ల పట్టికలోనూ యూదు వర్తకుల పేర్లు ఉన్నవి. పెద్దనాయకన్‌పేటలో వారి శ్మశానం ఉండేది. పట్నం పెరిగి దాని మీదికి వచ్చింది. మిగిలిన రాళ్లు కొన్ని లాయిడ్సు రోడ్డులోని చిన్న యూదు శ్మశానానికి చేరినవి. ఇప్పుడు ఆ వర్తకుల గుర్తుగా మన పేటలో మిగిలినది వీధి పేరు ఒక్కటే. వర్తకం చేసుకొని, ముసలితనం వచ్చి, మట్టిలో కలిసిన అదృష్టవంతులు వారు. మేము చెప్పబోయేది అంత అదృష్టం లేని పిల్లల సంగతి.

1933లో హిట్లరు జర్మనీలో అధికారానికి వచ్చాడు. 1935లో చేసిన చట్టాలతో యూదులకు పౌరసత్వపు హక్కులు పోయినవి. మెల్లమెల్లగా ఉద్యోగాలు, బడులు, అంగళ్లు అన్నీ పోయినవి. 1938లో ఇంకొక ఆజ్ఞ వచ్చింది. పేరునుబట్టి యూదుడని తెలియని ప్రతి మగవాడూ తన పేరుకు ఇజ్రాయెల్ అనీ, ప్రతి ఆడదీ సారా అనీ తగిలించుకోవలెను. ఆ అక్టోబరులో యూదుల పాస్‌పోర్టులన్నిటిపైనా ఎర్రని జె అక్షరం ముద్ర వేయించారు. గుమాస్తాలము కనుక మాకు ఈ రెండు సంగతులూ ఎక్కువగా తగిలినవి. కత్తికన్నా ముందు రబ్బరుస్టాంపు వచ్చింది. ఆ తరువాత నవంబరు 9వ తేదీ రాత్రి దేశమంతటా యూదుల ప్రార్థనాలయాలు తగులబెట్టి, అంగళ్లు పగులగొట్టి, ఇంచుమించు 30 వేలమంది మగవారిని నిర్బంధ శిబిరాలకు తోలుకొని పోయారు.

ఆ వార్త విని సీమలో కొందరు పెద్దలు ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. పెద్దవారిని రానీయడానికి ఇష్టపడని ప్రభుత్వం, 17 ఏండ్లు నిండని పిల్లలనైతే తల్లిదండ్రులు లేకుండా రానిస్తామన్నది. కొన్నాళ్లకు పిల్ల ఒక్కింటికి 50 పౌనుల పూచీ ఎవరైనా కట్టవలెనన్న నిబంధన కూడా పెట్టారు. మొదటి జట్టు, సుమారు 200 మంది, 1938 డిసెంబరు 2న హార్విచ్ రేవులో దిగింది. అప్పటినుంచి 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేవరకు జర్మనీ, ఆస్ట్రియా, చెకోస్లొవేకియా, పోలెండుల నుంచి ఇంచుమించు 10 వేలమంది పిల్లలు ఆ దారిన బయటపడ్డారు. అందులో ముప్పాతికవంతు యూదుల పిల్లలు. మొదట రైలు, హాలెండు రేవు నుంచి పడవ, మళ్లీ రైలెక్కి లండనులో లివర్పూల్ స్ట్రీట్ స్టేషను.

ఒక్కొక్క పిల్లకు తన చేతితో మోయగలిగిన చిన్న పెట్టె, పది మార్కుల డబ్బు, అంతే. నగలు, విలువైన వస్తువులు పనికిరావు. మెడలో దారంతో ఒక నంబరు అట్ట. మా ఆఫీసులో మూటకు కట్టే లేబిలుకూ దానికీ భేదమేమీ కనబడదు. కొన్ని స్టేషనులలో తల్లిదండ్రులను ప్లాట్‌ఫారం మీదికి రానీయలేదు. రద్దీకి కాదు లెండి. తల్లులు ఏడిస్తే పదిమందీ చూస్తారని.

ఇక ఆ పిల్లల పెట్టెలలో పోయినవి పోగా మిగిలిన కాగితాలున్నవి. వారు పెద్దవారై, ముసలివారై, గతించిన తరువాత బిడ్డలు అటకమీదినుంచి దించి, లండనులో వీనర్ గ్రంథాలయమనీ, న్యూయార్కులో లియో బెక్ సంస్థ అనీ, వాషింగ్టనులో 1993లో తెరిచిన మ్యూజియమనీ, ఇటువంటి చోట్ల అప్పగించారు. వాటిలో ఎన్నిటినో ఫోటోలు తీసి ప్రపంచమంతా చూడవచ్చునన్నట్లు పెట్టారు. మేము సెల్‌ఫోనులో రాత్రుళ్లు చూచినవి అవే. జర్మను భాష మాకు రాదు. ఇంగ్లీషు తాత్పర్యం పక్కన ఉంటే కూడబలుక్కొని చదివాము.

ఒక కుటుంబపు కట్ట విప్పితే ఏముంటుందంటారా? బడి ప్రోగ్రెసు కార్డు. టీకాల కాగితం. సీమలోనికి రానిచ్చిన పిల్ల గుర్తింపు పత్రం, దానిమీద పిల్ల ఫోటో. తల్లి చేత్తో వ్రాసిన బట్టల జాబితా, గౌన్లు ఇన్ని, మేజోళ్లు ఇన్ని అని. తరువాత ఉత్తరాలు. వాటిలో పెద్ద సంగతులేవీ ఉండవు. పళ్లు తోముకొంటున్నావా, కొత్త ఇంటివారి మాట వింటున్నావా, చలికి రెండు చొక్కాలు వేసుకో, పియానో మరచిపోకు. దేశంలో జరుగుతున్నది ఒక ముక్క లేదు. సెన్సారువారు చదువుతారని కొంత, పిల్ల భయపడుతుందని కొంత. మన ఇళ్లలోనూ దూరదేశం పోయిన బిడ్డకు తల్లి వ్రాసే ఉత్తరం అదే గదా.

యుద్ధం మొదలుకాగానే టపా తెగిపోయింది. అప్పుడు రెడ్ క్రాసువారి ఫారమొకటి ఉండేది. దానిమీద 25 మాటలకు మించి వ్రాయరాదు. ఇంటి సంగతులు తప్ప ఇంకేమీ వ్రాయరాదు. చేరడానికి నెలలు పట్టేది. జవాబు దాని వెనుకనే వ్రాసి పంపవలెను, అదీ 25 మాటలే. తల్లి అయినది 25 మాటలలో ఏమి వ్రాస్తుంది? మేము ఒకనాడు డ్యూటీ అయిన తరువాత కాగితం తీసుకొని మా అమ్మాయికి వ్రాస్తున్నట్లు ఊహించి వ్రాసి చూచాము. క్షేమం, ఆశీర్వచనం, తిన్నావా, చదువుకో, ఇంతలో 25 అయిపోయినవి. ఇటువంటి కట్టలు అనేకం 1941, 1942 సంవత్సరాలలో ఆగిపోతవి. ఆ చివరి ఫారములలో కొన్నిటిలో, మేము ప్రయాణమై పోతున్నాము, కొత్త చిరునామా తెలియపరుస్తాము అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఆ చిరునామా మరి రాలేదు.

ఇంకొక సంగతి ఉన్నది. ఇది మన సంఘంవారందరూ కొంచెం చెవి ఒగ్గి వినవలెను. నాలుగేళ్లకు, అయిదేళ్లకు సీమ చేరిన పసివాళ్లు కొన్ని నెలలలోనే జర్మను మరచిపోయారు. తల్లి వ్రాసిన ఉత్తరం చేతిలో ఉన్నది, చదవడం రాదు. ఎవరో చదివి ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. తల్లి తిరిగివస్తే ఆమెతో మాట్లాడను మాట లేని పిల్లలూ ఉన్నారు. చాలామందికి ఆ కష్టమైనా రాలేదు, తల్లి రానేలేదు గనుక.

కాగితం ప్రాణం నిలిపిన కథ కూడా ఒకటి చెబుతాము. వియన్నా నుంచి 1938 డిసెంబరు 10న బయలుదేరిన మొదటి రైలులో లోర్ సెగాల్ అనే పదేళ్ల పిల్ల ఉన్నది. వెళ్లేముందే ఇంట్లో పెద్దలు, మా అందరి ప్రాణాలూ నీ చేతిలో ఉన్నవన్నట్లు ఆ పసిపిల్లకు పని అప్పగించారు. శిబిరంలో చలికి వణుకుతూ ఆ పిల్ల ఉత్తరాలు వ్రాసింది. అవి కాందిశీకుల సంఘంవారికి చేరినవి. తల్లిదండ్రులకు ఇంటిపనివారిగా పర్మిట్లు దొరికినవి. పిల్లకు పదకొండో పుట్టినరోజునాడు వారు వచ్చి దిగారు. ఆమె పెద్దదై మంచి రచయిత్రి అయి 2024లో చనిపోయింది. అన్ని ఉత్తరాలకూ ఇటువంటి జవాబు వచ్చిందనుకొనేరు. రాలేదు. వాల్టర్ కోన్ అనే వియన్నా కుర్రవాడు ఆ రైళ్లలోనే బయటపడి 1998లో రసాయనశాస్త్రంలో నోబెలు బహుమానం అందుకొన్నాడు. అతని తల్లిదండ్రులను 1944లో ఆష్విట్సులో చంపారు.

మాకు అందరికన్నా నచ్చినవాడు నికొలస్ వింటన్. లండనులో షేర్ల బ్రోకరు, అప్పటికి 29 ఏళ్లవాడు. 1938 డిసెంబరులో మంచు ఆటలకు స్విట్జర్లాండు పోవలసినవాడు స్నేహితుడు పిలిస్తే ప్రాగు వెళ్లి కాందిశీకుల శిబిరాలు చూచాడు. ఆయన చేసిన పని చూడండి. కత్తి పట్టలేదు, ఉపన్యాసమివ్వలేదు. పిల్లల పేర్ల జాబితా వ్రాశాడు. ఫోటోలు అంటించాడు. పూచీదారులను వెదికాడు. పర్మిటు ఫారాలు నింపి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఈ పని, సాయానికి కన్నతల్లి. ప్రాగులో డోరీన్ వారినర్, ట్రెవర్ చాడ్విక్ మొదలైనవారు ప్రాణాలకు తెగించి అటుపని చూచారు. వీరి పేర్లు జనం అంతగా చెప్పుకోరు, అది న్యాయం కాదు. మొత్తం 669 మంది పిల్లలు దాటినారు. 1939 సెప్టెంబరు 1న ఇంకొక రైలు, 250 మంది పిల్లలతో, బయలుదేరవలసి ఉన్నది. ఆ రోజే యుద్ధం. బండి కదలలేదు. ఆ తరువాత దాదాపు యాభై సంవత్సరాలు ఆ మహానుభావుడు ఈ సంగతి పదిమందిలో చెప్పుకోలేదు. 1988లో ఆయన చేసిన జాబితాల పుస్తకం ఇంట్లో అటకమీదినుంచి బయటపడి టెలివిజనువారి చేతికి వచ్చేసరికి లోకానికి తెలిసింది. అప్పటివరకు తమ ప్రాణం ఎవరు నిలిపారో తెలియని వందలమంది తమ పేరు ఆ కాగితంలో చూచుకొన్నారు. ఆయన 2015లో, 106 ఏండ్ల వయస్సున పోయాడు.

గుమాస్తాల గొప్ప చెప్పి ఊరుకొంటే అబద్ధం చెప్పినట్లవుతుంది. రెండో కాగితం కూడా చెప్పవలెను. పిల్లలను హాలెండుదాకా తెచ్చిన జర్మను రైల్వేయే తరువాత వారి తల్లిదండ్రులను చావు శిబిరాలకు మోసింది. మోసినందుకు చార్జీ వసూలు చేసింది. మూడో తరగతి చార్జీ, మనిషికి కిలోమీటరుకు నాలుగు ఫెనిగ్గులు. పదేళ్లలోపు పిల్లలకు సగం. నాలుగేళ్లలోపు పిల్లలకు ఉచితం. నాలుగువందలు దాటితే జట్టు రాయితీ, సగం చార్జీ. ఎక్కినవారికి ఒకవైపు టికెట్టు, కాపలావారికి మాత్రం రానూపోనూ. విహారయాత్రల బిల్లులు చూచే టూరిస్టు కంపెనీ ద్వారానే ఈ లెక్కలూ నడిచినవి. ఇది చదివిన రాత్రి మాకు అన్నం సహించలేదు. ఆ నిబంధనలు మాకు కొత్తవి కావు. అరటికెట్టు, జట్టు రాయితీ, ఇవి మేము రోజూ చూచే మాటలే. ఆ బిల్లు వ్రాసినవాడు కూడా కూడిక సరిపోయిందా లేదా అని రెండుసార్లు చూచుకొని ఉంటాడు.

మన దేశం మాట కూడా కొంత ఉన్నది. పోలెండు నుంచి రష్యా పాలై, అక్కడినుంచి ఇరాను చేరిన అనాథ పిల్లలలో సుమారు 800 మంది యూదు పిల్లలు, 1943 జనవరిలో ఓడలో కరాచీ వచ్చి, డేరాలలో ఆగి, ఓడ మారి, సూయజు మీదుగా పాలస్తీనా చేరారు. నవానగరం జాంసాహెబు దిగ్విజయసింహజీగారు బాలాచడిలో పోలెండు పిల్లలకు ఆశ్రయమిచ్చిన సంగతి మీలో చాలామంది వినే ఉంటారు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాము. యూదుల కష్టానికీ మన కష్టానికీ పోలిక సగమే. పుట్టుకనుబట్టి వెదకి వెదకి మనలను చంపినవారు లేరు. అందుచేత పోలికను అంతకుమించి లాగరాదు. అయినా చిన్నతనంలో ఊరు విడిచి, పెట్టె పట్టుకొని, ఒక పెద్దను వెనుక వదలి వచ్చిన పిల్లలు ఈ సభలోని కుటుంబాలలో లేరనుకొంటున్నారా?

1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నర దాటి ఉన్నారు. కోరంగి రేవు నుంచి పోయినవారని అక్కడివారు మనలను కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేశారు. 1942 మార్చి 8న రంగూను వారి వశమైంది. భారతీయులు ఇంచుమించు నాలుగైదు లక్షలమంది పారిపోయి వచ్చారు. డబ్బు, అవకాశం ఉన్నవారు ఓడలలో. లేనివారు అరకాను కొండలమీదుగా, మణిపురం దారిన కాలినడకను. ఆ అడవులలో కలరాకు, ఆకలికి వేలకువేలు రాలిపోయారు. వచ్చినవారికి ఇక్కడైనా నెమ్మది ఉన్నదా అంటే, ఏప్రిలు 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడినవి, చెన్నపట్నమే ఆ నెలలో సగం ఖాళీ అయింది. మళ్లీ 1963, 64లలో బర్మాలో అంగళ్లన్నీ ప్రభుత్వం పుచ్చుకొన్నది. 1964 మే నెలలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. కూడబెట్టినది చిత్తుకాగితమైంది. అప్పుడు ఓడలలో వచ్చి మన రేవులో దిగినవారే బీచి రోడ్డు వెంబడి బర్మా బజారు పెట్టుకొన్నారు. బీచి స్టేషను దగ్గర సాయంకాలం మనం నిలబడి తినే అత్తో వారి చేతిదే.

మా ముత్తాతగారు రంగూనులో బియ్యపుమిల్లు లెక్కలు వ్రాసేవారు. బాంబులు పడిన వారానికి భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఓడ ఎక్కించారు. పెద్దపిల్లవాడు మా తాతగారు, అప్పటికి తొమ్మిదేళ్లు. జనవరి నెలలో రంగూనునుంచి ఒక కార్డు వచ్చింది. మిల్లువారి లెక్కలు అప్పగించి ఉగాదికి మీ దగ్గర ఉంటాను, పిల్లవాడిని బడి మాన్పించవద్దు, అని సారాంశం. ఆ యేటి ఉగాది రాకముందే రంగూను పోయింది. ఆయన ఏ దారిన బయలుదేరారో, అసలు బయలుదేరారో లేదో చెప్పగలిగినవారెవరూ మాకు దొరకలేదు. మా తాతగారు ఆ కార్డును రేషనుకార్డు, ఇంటి అద్దె రసీదులతోబాటు రేకుపెట్టెలో ఉంచారు. ఎవరినీ చదవనిచ్చేవారు కారు. ఉగాదినాడు పచ్చడి నోట పెట్టుకొని లేచి పోయేవారు, కూర్చునేవారు కారు. చిన్నప్పుడు అది చాదస్తమనుకొనేవారము.

ఆయన పోయిన తరువాత గోవిందప్ప నాయకన్ వీధిలోని ఆ పాత ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. చిత్తుకాగితాలవాడు తక్కెడ పట్టుకొని గుమ్మంలో కూర్చున్నాడు. మా మేనత్తగారు, "తిరిగిరానివాడి కాగితం ఇంట్లో ఉంచరాదు, సముద్రంలో వేయండి" అన్నారు. ఆమె తప్పన్నది కాదు. ఆమె బాధ ఆమెది, తండ్రి లేచిపోవడం ఆమె మాకన్న ఎక్కువసార్లు చూచింది. కాని మేము ఇవ్వలేదు. ఆ విషయమై ఇంట్లో కొన్నాళ్లు మాటలు లేవు.

ఆ కార్డు మా అమ్మాయికి చూపించాము. ఇంగ్లీషు, అరవం గడగడ చదువుతుంది. తెలుగు మన సంఘపు ఆదివారం బడిలో నేర్చుకొంటున్నది. పాత గొలుసు వ్రాత, తేదీ కూడా తెలుగంకెలలో ఉన్నది. పిల్ల ఆ అంకెలు చూచి, ఇది ఏ భాష నాన్నా అన్నది. సీమలో జర్మను ఉత్తరం పట్టుకొని నిలబడిన పిల్లను గూర్చి మేము చదివినది ఆ వారంలోనే. మనలను ఎవరూ రైలెక్కించి భాష మరపించలేదు. మన ఇళ్లలో మనమే మరపించుకొంటున్నాము. కోప్పడవద్దు. బడిఫీజులు కట్టే తండ్రులకు దీనిలో ఎన్ని చిక్కులున్నవో మాకూ తెలుసు. తరువాత నెలరోజులకు ఆ పిల్లే కార్డు మొత్తం చదివింది. ఉగాది అన్నచోట ఆగి, ఏ ఉగాది అని అడిగింది. చెప్పాము.

కాగితాలు డబ్బు తెస్తవా అని అడిగేవారికి కూడా ఒక మాట. ఆ రైళ్లలో వచ్చి బ్రతికి ఉన్న ముసలివారికి జర్మనీ ప్రభుత్వం 2018లో, అంటే 80 ఏళ్లకు, ఒక్కొక్కరికి 2,500 యూరోలు ఇస్తామని ఒప్పుకొన్నది. పోయినదానికి అది వెల కాదు, అట్లాగని ఇచ్చినవారూ అనలేదు. మన బర్మావారికి వ్యాజ్యం వేసుకొనే చోటే లేదు. కనుక మా మనవి డబ్బుకు సంబంధించినది కాదు.

కార్యవర్గంవారు దయతో ఒప్పుకొన్న ఏర్పాటు ఇది. సంఘంలో ఒక రిజిస్టరు పెడుతున్నాము. మీ ఇంట బర్మా కాగితాలు కాని, ఆంధ్రదేశంనుంచి పెద్దలు వ్రాసిన పాత ఉత్తరాలు కాని, ఓడ టికెట్లు, బడి సర్టిఫికెట్లు, పెళ్లి శుభలేఖలు ఏవి ఉన్నా తీసుకొని రండి. మేము ఎవరి కాగితమూ ఉంచుకొనము. అక్కడికక్కడే ఫోటో తీసి, ఎవరిది, ఏ ఊరినుంచి, ఏ సంవత్సరం అని రిజిస్టరులో వ్రాసి, మీ చేతికే తిరిగి ఇస్తాము. బయటివారు చూడరాదంటే ఆ మాటకూడా పక్కన వ్రాస్తాము. ఈలోగా దయచేసి చిరిగినచోట సెలోటేపు అంటించవద్దు, అది పచ్చబడి అక్షరాలను తినేస్తుంది. ప్లాస్టిక్కు వేయించి లామినేషను చేయించవద్దు. ఫోటో వెనుక పేరు వ్రాయదలిస్తే పెన్సిలుతో మెల్లగా వ్రాయండి.

చదవలేని పాత వ్రాతలు చదివి పెట్టడానికి పెద్దలు నలుగురు ఒప్పుకొన్నారు. పెద్దబాలశిక్ష కాలపు వ్రాత వారికి కరతలామలకం. పక్కన కూర్చొని ఎత్తి వ్రాయడానికి ఆదివారం బడి పిల్లలు ఆరుగురు పేర్లిచ్చారు. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంకాలం నాలుగు గంటలకు మన సంఘపు పఠనాలయంలోనే. పోయిన మీటింగులో ఇద్దరు పెద్దలు కళ్లజోడు మరచి వచ్చినందున పని సగంలో ఆగినది. ఈసారి తప్పక తెచ్చుకొనవలసినదిగా ప్రార్థన.